చెవులు మూసుకుని ఆడిన గుసగుస

పెళ్ళిచూపులకి వెళ్ళి కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళున్నారు. అమ్మాయనుకుని వాళ్ళ పిన్నిని చూసి సిగ్గుపడ్డవాళ్ళున్నారు. నేను చేసిన దాని ముందు అవన్నీ చిల్లర తప్పులు. షార్జాలో ఒక హాలు మధ్యన కూర్చుని, కాబోయే మామగారి ఎదురుగా, నా కొంప నేనే నిలువునా కూల్చుకున్నాను. చెబుతాను గానీ, మజ్జిగ తాగుతూ మాత్రం చదవకండి, పొలమారుతుంది.

అప్పట్లో నేను రష్యాలో ఉండేవాణ్ణి. కంగారు పడకండి. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో బిల్డింగుల గుంపులకి దేశాల పేర్లు పెట్టారు. మేం అద్దెకి రష్యాలో, ఎండకి దుబాయ్‌లో ఉండేవాళ్ళం. ఫోన్లకి ఇంకా ఇయర్‌ఫోన్ గుచ్చే చిల్లు ఉన్న రోజులవి, ఆ చిల్లే నా జీవితం. చెవిలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్లు కొనడం, ఒకదాని తర్వాత ఒకటి వినడం, వాటి గుణగణాలు ఇంటర్నెట్‌లో రాసి పారెయ్యడం నా పని. ప్రతి ఇయర్‌ఫోన్‌కీ ఒక సౌండ్ సిగ్నేచర్ ఉంటుందండీ. వంట చేసేవాళ్ళ చేతి రుచి లాంటిది. ఒకటి బేస్ దండిగా వడ్డిస్తుంది, ఇంకోటి ట్రెబుల్‌తో చుర్రుమనిపిస్తుంది. నాకు అనలిటికల్ రకమే కావాలి. అది తన ఉప్పూకారం కలపదు. పాటలో ఉన్నది ఉన్నట్టు విప్పి చూపిస్తుంది, గాయకుడు ఊపిరి పీల్చినా వినిపిస్తుంది.

"నువ్వు పాట వింటున్నవా, పోస్టుమార్టం చేస్తున్నవా?" అనేవాడు నా రూమ్మేట్ శ్రీను.

శ్రీనుది నిజామాబాద్ వైపు. నా ఈడువాడే, కానీ షార్జా సంబంధం వచ్చినప్పుడు నా తరఫు పెద్దమనిషి వాడే. గల్ఫ్ బ్రహ్మచారుల పద్ధతి ఇదే మరి. కాకినాడ నుంచి అమ్మానాన్నలు ఫోన్లో ఆశీర్వదిస్తారు, ఇస్త్రీ చొక్కా ఉన్న రూమ్మేట్ పెద్దరికం వెలగబెడతాడు. అమ్మాయి పేరు హారిక, షార్జాలో లెక్కల టీచర్. ఫోటోలో ఒక కనుబొమ్మ కాస్త ఎత్తి, నీ లెక్క తప్పు అన్నట్టు చూస్తోంది. ఆ కనుబొమ్మకే పడిపోయాను. ఈ సంబంధం తప్పితే నాకు పెళ్ళే వద్దని శ్రీనుకి ముందే చెప్పేశాను.

"గట్లయితే ఆడ నోరు తెరవకు," అన్నాడు వాడు టాక్సీలో. "ఏదన్న చెప్పాలనిపిస్తే నా చెవుల చెప్పు, నేను సంభాళిస్త."

"గుసగుసగానా?"

"మరి మైకు పెట్టి చెప్తవా?"

పాపం, వాడి మాటకి ఏ దేవతలు తథాస్తు అన్నారో గానీ, ఆ శుక్రవారం భోజనాలయ్యే వరకు అంతా దివ్యంగా జరిగింది. వంకాయ పులుసు రెండోసారి వేయించుకుని "అద్భుతమండీ" అన్నాను. అమ్మాయి తల్లి మురిసిపోయింది. అమ్మాయి ఇంకా లోపలి గదిలోనే ఉంది. అప్పుడు శ్రీనుకి పెద్దరికం పొంగింది.

"మావోడు ఇయర్‌ఫోన్లల్ల పెద్ద పండితుడు సార్!"

హారిక నాన్నగారు సుబ్రహ్మణ్యం గారి ముఖం వెలిగిపోయింది. చరచరా లోపలికెళ్ళి ఒక మఖమలు సంచీ తెచ్చారు. "మొన్ననే కొన్నాను బాబూ. అనలిటికల్ అని చెప్పాడు షాపువాడు. మీరే తేల్చాలి."

"నావి జేబులోనే ఉన్నాయండీ, రెండూ పోల్చి చెబుతాను," అన్నాను. పెళ్ళిచూపులకి ఇయర్‌ఫోన్లు జేబులో వేసుకెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ముందు నావి పెట్టుకుని ఒక పాత పాట విన్నాను. తర్వాత ఆయనవి. వాటికి స్పాంజి బుడిపెలు ఉన్నాయి. వేళ్ళతో నలిపి చెవిలో పెడితే, లోపల ఉబ్బి చెవంతా నిండిపోతాయి. ఇక బయట ఇసుక తుఫాను వచ్చినా తెలియదు. పాట మొదలైంది. అయ్యయ్యో, ఆ బేస్! ముఖం మీద నవ్వు చెదరకుండా, పెదవులు కదిలీ కదలకుండా, శ్రీను వైపు వంగి గుసగుసలాడాను.

"ఒరేయ్ శ్రీనూ, ఇది అనలిటికలా? గాయకుణ్ణి గోనెసంచిలో మూటగట్టి పాడిస్తున్నార్రా. షాపువాడు ఈయన మొహం చూడగానే అమాయకుడని పసిగట్టేసుంటాడు."

శ్రీను కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. నాతో కలిసి బాధపడుతున్నాడనుకున్నాను.

"అవున్రా, ఘోరం. అయినా అద్భుతమనేస్తాలే. ఆ పులుసుని అనలేదూ? అంత బెల్లమేంట్రా! పాయసంలో వంకాయలు వేసినట్టుంది."

వాడు నా తొడ పట్టుకుని గిల్లాడు.

"గిల్లకురా! ఫోటోలో పిల్ల మాత్రం బంగారం. ఆ కనుబొమ్మ ఎత్తితే నాకు ఎక్కాలు కూడా మర్చిపోవాలనిపిస్తోంది. ఆ అమ్మాయి ఒప్పుకుంటే రోజూ ఆ పులుసే తాగుతాను, ఈ గోనెసంచే చెవుల్లో పెట్టుకు తిరుగుతాను."

చెవులు బిరడా వేసినట్టు మూసుకుపోయి, లోపల పాట మోగుతుంటే మనిషికి తన గొంతు కొలత తెలియదు. ఈ సంగతి ఇంటర్నెట్‌లో లోకానికంతా బోధించినవాణ్ణి నేనే. గోడలకు చెవులుంటాయంటారు. ఆ హాల్లో గోడలకీ, సోఫాలకీ, చేపల తొట్టెకీ కూడా ఉన్నాయి, లేనిది నాకే.

ఇయర్‌ఫోన్లు తీశాను. సుబ్రహ్మణ్యం గారి కళ్ళలోకి చూస్తూ నిండుగా నవ్వాను.

"అద్భుతమండీ! ఎంత క్లియర్‌గా ఉందో!"

అమ్మాయి తల్లి పాయసం గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"క్లియర్‌గానే ఉంది బాబూ," అన్నారు సుబ్రహ్మణ్యం గారు. "వంటింట్లోకి కూడా వినబడింది."

"ఖలాస్," అని లేచాడు నా తరఫు పెద్దమనిషి. "లే, పోదాం."

ఏసీ కింద కూర్చుని చెమటలు కక్కుతూ, ఆ కనుబొమ్మ ఇక నాకు లేదనుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు లోపలి గది కర్టెన్ వెనక నుంచి పకపకా నవ్వు వినబడింది. హారిక కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నాన్నా, ఆయన్ని మళ్ళీ అవి పెట్టుకోమనండి."

"ఎందుకమ్మా?"

"సిగరెట్లు కాలుస్తారో లేదో అడగాలి."

ముందు సుబ్రహ్మణ్యం గారి పొట్ట కదిలింది, తర్వాత సోఫా కదిలింది. ఆ నవ్వుల్లోనే అమ్మాయి తల్లి, "బెల్లం ఇవాళ కాస్త చెయ్యి జారిందిలే," అంటూ పాయసం నా చేతిలో పెట్టింది. ముహూర్తం కూడా ఆ వేసవిలోనే కుదిరింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, రష్యా సాక్షిగా, ఆ వంకాయ పులుసు సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక చెవిలో ఏదైనా ఉన్నంతసేపు నా నోట్లోంచి మాట రాదు. నోరు మంచిదైతే షార్జా మంచిది.

ఈ శపథం రాసి, చెవుల్లో పాట పెట్టుకుని, మొదటి నుంచి మనసులోనే చదువుకుంటున్నాను. హారిక వచ్చి నా ఎడమ చెవిలోది లాగేసింది.

"ఆ పులుసు ముక్క ఇంకోసారి చదవండి. అమ్మ ఫోన్లో ఉంది, ఇందాక సగమే వినబడిందట."