భయం వాయిదా పడ్డ ఏడు

మా చిన్నప్పుడు భయపడాలన్నా మా సుబ్బన్నయ్య అనుమతి కావాల్సి వచ్చేది...

సుబ్బన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. పొగాకు కాల్చే రోజులు అయిపోయాక, ఆకు వేలాడదీసి ఆరబెట్టే మా బ్యారన్ ఖాళీగా పడి ఉండేది. కిటికీల్లేని ఎత్తైన గోడలు, లోపలంతా మసి, పైదాకా అడ్డకర్రలు... "ఆదివారం తలుపు తీస్తా, ధైర్యం ఉన్నోళ్లు రండ్రా" అని సోమవారమే చెప్పేవాడు. ఇక రోజుకో ముక్క వదిలేవాడు. ఒకరోజు లోపల ఎవరో తుమ్మారట. ఇంకోరోజు పైకర్ర మీద తడి పాదాల గుర్తులట... ఆదివారం వచ్చేసరికి మాకు అన్నం సహించేది కాదు. అప్పుడు "ఈ వారం కాదులే, అమావాస్య వెళ్లనీండి" అనేవాడు.

ట్రైలరు, రిలీజ్ డేటు, వాయిదా... అన్నీ మా ఊళ్లో ఎప్పుడో ఉన్నాయి. పేర్లే అమెరికా వచ్చాక తెలిశాయి. అదీ మా అమ్మాయి మేఘన పుణ్యమా అని.

అప్పుడు కరొలైనాలోని క్యారీలో ఉండేవాళ్లం. మేఘనకి హైస్కూల్ ఆఖరి సంవత్సరం. దానికి భయపెట్టే వీడియో గేమ్‌లంటే ప్రాణం. చేతిలో సరైన ఆయుధం ఉండదు, తూటాలు అరకొర, చీకటి కొంపలోంచి ప్రాణాలతో బయటపడాలి... అదీ ఆట. కంట్రోలర్ దాని చేతిలో ఉంటే నేను పక్కన కూర్చునేవాణ్ణి. తెరకి కుడివైపు అది చూసుకునేది, ఎడమవైపు నాకు అప్పజెప్పింది.

తూటాలు దొరికినప్పుడల్లా "వాడకమ్మా, ముందు ముందు పనికొస్తాయి" అనేవాణ్ణి. పట్టుచీరలు దాచినట్టు దాచి దాచి, ఒక ఆటలో సంచీ నిండా తూటాలు పెట్టుకునే చచ్చిపోయాం.

"డబ్బులిచ్చి మరీ దడుచుకోవడం ఏంటండీ, ఊరికే దడుచుకోడానికి ఆఫీసుందిగా మీకు" అనేది మా ఆవిడ.

ఆ ఏడు జూన్‌లో కొత్త గేమ్ ఒకటి వస్తుందన్నారు. ట్రైలర్‌లో పెద్దగా ఏమీ లేదు... పాత ఇల్లు, పొడుగాటి నడవ, చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక పిల్ల నడుస్తుంటుంది. చివర్లో ఆ పిల్ల ఆగుతుంది. అడుగుల చప్పుడు మాత్రం ఆగదు...

స్కూల్ నుంచి రాగానే అదే పెట్టేది. "డాడీ, వెనకాల ఎవరు?" అని అది, "నాకేం తెలుసే" అని నేను. ఇల్లంతా ఆ అడుగులు అలవాటైపోయాయి.

ఒక శనివారం పగలు ఊరి బయట రోడ్డు పక్కన పాడుబడ్డ పొగాకు బ్యారన్ కనిపిస్తే కారు ఆపాం. కరొలైనాలోనూ పొగాకు పండించినవాళ్లే కదా... లోపలికెళ్లి నిలబడ్డాం. ఆకు వేలాడదీసి ఎన్నేళ్లయిందో గానీ వాసన పోలేదు. అచ్చం మా ఊరి వాసన.

"ఇక్కడ ఎవరో ఉన్నట్టుంది కదా డాడీ" అంది మెల్లగా.

"సుబ్బన్నయ్య అయ్యుంటాడు" అన్నాను.

ఇద్దరం నవ్వాం... బయటికొచ్చాక.

ఆగస్టులో అది కాలేజీకి కాలిఫోర్నియా వెళ్లిపోతుంది. జూన్‌లో ఆట వస్తే వేసవంతా కలిసి ఆడొచ్చని ఇద్దరి ఆశా. మే నెలలో ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఫోన్ చూస్తూ, "డిలే చేశారు డాడీ. నవంబర్ అంట" అంది.

"పోనీలే, అక్కడ రూమ్మేట్ ఉంటుందిగా, తనతో ఆడుకో."

"షి విల్ లాఫ్ డాడీ. నువ్వు నవ్వవు. నువ్వు నిజంగా భయపడతావు."

నా జీవితంలో నాకొచ్చిన మంచి సర్టిఫికెట్ అదే.

నవంబర్ వచ్చింది. థాంక్స్‌గివింగ్ సెలవులకి రూమ్మేట్ వాళ్ల ఊరెళ్లింది. ప్రాజెక్ట్ ఉందని మేఘన రాలేదు. ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "డాడీ, గేమ్ స్టార్ట్ చేస్తున్నా. స్పీకర్‌లో పెడతా. మాట్లాడక్కర్లేదు, కట్ మాత్రం చేయకు."

మా ఆవిడ సరుకులకి వెళ్లింది. నేను సోఫాలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మ లేకుండా చప్పుళ్లే వినడం ఎంత నరకమో అప్పుడు తెలిసింది... గాలి, నీటి చుక్కలు, ఎవరిదో ఆయాసం.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"కారిడార్."

"ఇప్పుడో?"

"అదే కారిడార్ డాడీ."

చాలాసేపు ఆడాం. అవును, ఆడాం అనే అంటాను. తర్వాత చప్పుళ్లు ఆగిపోయాయి. మేఘనా అని పిలిస్తే పలకలేదు. ఊపిరి వినిపిస్తోంది, నిదానంగా... నిద్రపోయింది. వారమంతా చదువే కదా పాపం. ఇక ఫోన్ పెట్టేద్దామని వేలు బటన్ దాకా వెళ్లింది.

అప్పుడు కుర్చీ జరిగింది. ఎవరో లాక్కుని, దాని పక్కన సర్దుకుని కూర్చున్నట్టు...

నేను కట్ చేయలేదు. కదల్లేదు కూడా.

చాలాసేపటికి "డాడీ, ఉన్నావా?" అంది నిద్రగొంతుతో.

"ఉన్నానమ్మా. రూమ్మేట్ గానీ వచ్చిందా?"

"లేదే, మండే వస్తుంది."

"మరి గేమ్‌లో కుర్చీ చప్పుడు..."

"గేమ్ ఆఫ్ చేసే పడుకున్నా డాడీ."



"లైట్ వేసుకోమ్మా" అన్నాను.

"వేసే ఉంది."

మళ్లీ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. ఇప్పుడది ఉద్యోగం చేస్తోంది, క్షేమంగానే ఉంది. కొత్త గేమ్ వస్తోందంటే నాకు లింక్ పంపిస్తుంది. కానీ విడుదలైన రోజే ఎవరో మొత్తం ఆడేసి వీడియో పెట్టేస్తున్నారు... దేనికోసమూ ఆర్నెల్లు భయపడుతూ కూర్చునే తీరిక ఎవరికీ లేకుండా పోయింది.

మీరు భయపడ్డప్పుడు మీ పక్కన కూర్చున్నది ఎవరో కింద రాయండి... ఎవరో తెలిస్తేనే సుమా.