మగ్గం కర్రల గూడు

సోమవారం ఉదయం తొమ్మిదింటికి మా డ్రాయింగ్ సారు పోయారు. జగిత్యాలలో, మా పక్కింట్లోనే. టీ తాగి కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నారట. ఇంట్లోవాళ్లు వచ్చి చూసేసరికి అయిపోయింది. పేపరుకు వార్త నేనే రాశాను. విశ్రాంత ఉపాధ్యాయుడు, సిరిసిల్ల నేత కుటుంబం, ఇద్దరు కొడుకులు. పేజీలో అంతకు మించి చోటు లేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఎనిమిదో తరగతిలో ఆయన మాకు మొదట నేర్పింది గీయడం కాదు. స్టూలు మీద ఒక చెంబు పెట్టి పీరియడ్ మొత్తం చూడమన్నారు. పెన్సిళ్లు సంచుల్లోనే ఉన్నాయి. "చెంబును అందరు చూస్తరు. దాని చుట్టూత ఖాళీ జాగ చూడున్రి" అన్నారు. అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు. విలేకరినయ్యాక, సమావేశానికి ఎవరు రాలేదో ముందు చూసుకోవడం నాకు అలా అలవాటైంది.

ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక చిన్న కత్తెర ఉండేది, చెట్ల కోసం. పెరట్లో ముప్పైకి పైగా బోన్సాయ్ కుండీలుండేవి. వాటిలో పెద్దది రావి. బడి గోడ పగులులో మొలిచిన మొక్క అది. పీకేయమని హెడ్‌మాస్టరు చెప్పినా, రావి మీద చెయ్యి వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. సారే గోడ రాయి కదిలించి వేళ్లతో సహా తీసి ఇంటికి తెచ్చారు. ఇరవై ఏళ్లయినా అది మోకాలి ఎత్తు దాటలేదు. మొదలు మాత్రం ముంజేయంత లావైంది.

రిటైరయ్యాక ఆయనకు ఒక పాత శిష్యుడు క్యాలెండర్ పంపాడు. అందులో ఒక బొమ్మ: జపాన్ తోటలో కర్రతో కట్టిన గూడు, లోపల ఒకే ఒక్క చిన్న చెట్టు. వెనక చెక్కగోడ, ఇంకేమీ లేదు. సారు ఆ ఒక్క నెల కాగితం చించి దాచుకున్నారు. అదే సమయంలో సిరిసిల్లలో వాళ్ల నాన్న మగ్గాన్ని అన్నదమ్ములు కట్టెల కింద అమ్మేయాలనుకుంటున్నారు. సారు వెళ్లి, ఆ కర్రలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చారు.

ఆ కర్రలతో బొమ్మలోలాంటి గూడు కట్టింది కోరుట్ల నుంచి వచ్చిన వడ్రంగి, వడ్ల మేస్త్రి. మేకు వాడొద్దని సారు షరతు పెట్టారు. మేస్త్రి నవ్వి, గాలిదుమారం వస్తే ఆ గూడు సారు మంచం మీదికే వస్తుందన్నాడు.

"మా నాయన మగ్గానికి మేకులున్నయా? నలభై ఏండ్లు ఊగింది, ఊడలే" అన్నారు సారు.

మేస్త్రి కర్రలు తిప్పి చూశాడు. ఒక కర్రకు తొలిచిన బెజ్జంలో ఇంకో కర్ర కొన దిగేట్టు చేసి ఉంది. ఆ పాత బెజ్జాలనే వాడుకుని పది రోజుల్లో గూడు నిలబెట్టాడు. నేల నుంచి రెండడుగుల ఎత్తు, ముందు సన్నని గడప, పైన వాలు కప్పు. దర్వాజ పెట్టిన ఇంట్లో చేసినట్టే, పోయే ముందు నిలువు కర్రలకు, గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. సారు వద్దనలేదు.

రావిని తెచ్చి గూట్లో పెట్టారు. మర్నాడు ఉదయానికి గడప మీద రెండు మందారాలున్నాయి.

పూలు పెట్టింది వెనకింట్లో బీడీలు చేసే అక్క. ఆమె బిడ్డ మెట్‌పల్లిలో ఉంటుంది. పెళ్లయిన ఏడేళ్లకు నెల తప్పింది. రావి చెట్టు, పసుపు రాసిన గడప, తూర్పు ముఖం చూసిన ఎవరికైనా అది గుడే. అక్క రోజూ వచ్చేది. వాడకట్టులో మరికొందరు తోడయ్యారు. గూడు వెనక చెక్కగోడను ఆనుకుని సారు బచ్చలి పాదు ఉండటంతో, దాని చుట్టూ కూడా కలిపే ప్రదక్షిణలు చేసేవారు.

గూడు నీడలో ఉంటుంది. జపాన్‌లో చెట్టును అందులో రెండు మూడు రోజులే ఉంచి మళ్లీ ఎండకు తీస్తారని సారుకు తెలుసు. అయినా రెండు నెలలు ఉంచారు. వానకాలం మధ్యలో ఆకులు పసుపుబారి రాలడం మొదలైంది. ఒక కొమ్మ ఎండింది. అప్పుడు నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్లారు. ఆమె ఒళ్లో చేట పెట్టుకుని ఆకు చుడుతోంది.

"చెల్లె, చెట్టు నీడల సస్తున్నది. ఎండకు తీస్త."

"ఇంక నాలుగు నెలలే సారు. గప్పటిదాక ఉండనీయిన్రి."

"నాలుగు నెలలు అది బతుకది."

ఎండలో ఉన్నా పూలు పెట్టుకోవచ్చని సారు చెప్పారు. "కూసున్న దేవుని లేపుతరా" అంది అక్క. మళ్లీ తలెత్తలేదు. మర్నాడు సారు రావిని ప్రహరీ పక్కన ఎండలో పెట్టారు.

నెల తిరగకుండానే మెట్‌పల్లిలో అక్క బిడ్డకు గర్భం నిలవలేదు.

అక్క ఆ గేటు తెరవడం మానేసింది. డాక్టరు కారణం ఏం రాశాడో నేను కనుక్కున్నాను. చెట్టుకూ దానికీ సంబంధం లేదని సారుకు చెప్పబోయాను. "నాకెర్కనే. ఎర్క ఉండుడు వేరు, ఆమె ఎదురుంగ నిలవడుడు వేరు" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు. "మొదటి దినం పూలు వెట్టినప్పుడే ఇది గుడి కాదని చెప్పేదుండె. నాకు ముద్దుగ అనిపించింది. గదీ నా తప్పు."

రావి కోలుకుంది. ఎండిన కొమ్మను ఆయన కత్తిరించలేదు. గూట్లో మాత్రం ఆ తర్వాత ఏ చెట్టునూ పెట్టలేదు. రెండేళ్లు అది ఖాళీగా ఉంది. వచ్చినవాళ్లు అడిగితే "ఉండనీ" అనేవారు.

ఆయన పోయిన మూడో రోజు కుండీలు గుర్తొచ్చాయి. ఎండాకాలం. ఇల్లంతా సిరిసిల్ల చుట్టాలు, నీళ్లు పోయాలని ఎవరికీ తోచి ఉండదనుకున్నాను. పెరట్లోకి వెళ్లి ఒక కుండీలో వేలు పెట్టి చూశాను. మట్టి తడిగా ఉంది. అన్నీ తడిగానే ఉన్నాయి. ప్రహరీ దగ్గర అక్క బకెట్టుతో నిలబడి ఉంది.

"నిన్న, మొన్న గూడ పోసిన" అంది. "రెండు నెలల సంది నేనే పోస్తున్న. సారు బకెట్ మోసుకుంట కూలవడ్డడు, గోడ మీదికెల్లి చూసిన. చూసి ఎట్ల ఊకుంట?"

ఇన్నేళ్లుగా ఊళ్ల వార్తలు మోసిన నాకు పక్కింటి పెరట్లో సంగతి తెలియలేదు.

సారు ఏమన్నారని అడిగాను.

"కుండీ కిందికెల్లి నీళ్లు కారేదాక పొయ్యి అన్నడు. ఇంకేమనలే."

ఆమె బకెట్ కింద పెట్టి రావి కుండీని రెండు చేతులా ఎత్తింది. నేను సాయం పట్టబోతే వద్దంది. గడప మీది పాత కుంకుమను ముందే తుడిచినట్టుంది, కర్ర శుభ్రంగా ఉంది. కుండీని గూడు మధ్యలో దించి, ఎండిన కొమ్మ ముందుకు కనిపించేలా కొంచెం తిప్పింది. దండం పెట్టలేదు. రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడి చూసింది.

"పొద్దుగూకేదాకనే" అంది. "మళ్ల ఎండ జాగకు తీస్త."

కుండీ అడుగు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఆ తడి మగ్గం కర్ర మీద నల్లగా, నెమ్మదిగా పాకుతోంది.