జువ్వలదిన్నెకు మోసుకెళ్లిన స్వెట్టరు

నెల్లూరులో కూర్చుని ఉన్ని స్వెట్టరు అల్లడమేమిటని మీరు నవ్వితే నేనేమీ అనుకోను. పుష్యమాసంలో కూడా మధ్యాహ్నం విసనకర్ర వెతుక్కునే ఊరు మాది. కానీ మా చెల్లెలు సరళకు డార్జిలింగు కొండల్లో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచి దాన్ని పెంచింది నేను. అంత చలిలోకి ఒట్టి చీరతో పంపుతానా? పెద్దమ్మ పెట్టెలో పాతకాలం ఇంగ్లీషు పత్రిక కాగితం ఒకటి దొరికింది. అందులో ఒక దొరసాని ఛాతీ చుట్టూ నక్షత్రాల వరుసలున్న స్వెట్టరు వేసుకుని నవ్వుతోంది. ముదురు ఎరుపు ఊలు, నక్షత్రాలకు మీగడ రంగు ఊలు మద్రాసు నుంచి తెప్పించి, బడిలో పాఠాలు చెప్పి రాగానే కూర్చుని మూడు నెలలు అల్లాను. తీరా బుధవారం సాయంత్రం తొడిగి చూస్తే చంకల దగ్గర ఇరుక్కుపోయింది. తల లోపల, చేతులు పైన. ఊపిరాడటం లేదక్కా అని అది అరుస్తుంటే, లాగి బయటకు తీసేసరికి చచ్చినంత పనయింది. దాని ప్రయాణానికి ఇంక పదకొండు రోజులే ఉన్నాయి.

అసలు ఆ మధ్య మేమిద్దరం సరిగా మాట్లాడుకోవడమే లేదు. ఆ సంగతి వస్తుంది, చెబుతాను. సరళ ఇప్పటిదాకా పనిచేసిన నెల్లూరు ఆసుపత్రిలో పూర్వం సుబ్బమ్మ అనే ఆయా ఉండేదట. పాతకాలంలో అక్కడున్న ఒక దొరసాని దగ్గర అల్లిక నేర్చుకుని, పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక టోపీ అల్లేదట. ఇప్పుడు పని మానేసి సొంత ఊరు జువ్వలదిన్నెలో ఉందని వాళ్ల వార్డులో ఎవరో చెప్పారు. తప్పెక్కడ జరిగిందో ఆమె చెబుతుందేమోనని ఆదివారం తెల్లవారగానే స్వెట్టరును తువ్వాలులో చుట్టుకుని బయలుదేరాను.

నెల్లూరులో ఆరున్నరకు పాసింజరు ఎక్కితే ఎనిమిదయ్యేసరికి బిట్రగుంటలో దిగవచ్చు. మూడో తరగతి టిక్కెట్టు అరవై అయిదు నయాపైసలు. స్టేషనులోనే ఇడ్లీలు తినేయండి, ఆ తర్వాత దారిలో ఏమీ దొరకదు. బయట వెంకయ్య అనే ఆయన ఒంటెద్దు బండి దొరికింది. కాలువ దాకా తీసుకెళ్లి, సాయంత్రం వరకు ఆగి, మళ్లీ స్టేషనుకు చేర్చడానికి రెండున్నర రూపాయలన్నాడు. బేరమాడితే, "ఎద్దు కూడా మాట్లాడితే మూడు అడిగుండును గదమ్మా" అన్నాడు. నోరు మూసుకుని ఎక్కాను.

రెండు గంటల దారి. వరి చేలు అయిపోయి సరుగుడు తోపులు మొదలయ్యాక ఉప్పుగాలి మొహానికి తగులుతుంది. బకింగ్‌హాం కాలువ దగ్గర బండి ఆగిపోతుంది. పడవలో అవతలికి దాటడానికి ఆరు నయాపైసలు. అక్కడి నుంచి ఇసుకలో నడక. చెప్పులు చేతిలో పట్టుకుంటేనే నయం. ఊళ్లో సుబ్బమ్మ పేరు చెప్పగానే ఒకామె ఇంటి దాకా వచ్చి దింపి వెళ్లింది.

సుబ్బమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. కళ్లలో పొర కమ్మింది, చూపు సరిగా ఆనదు. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చింది కళ్లు కనపడని మనిషి కోసమా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె మాత్రం స్వెట్టరు తీసుకుని తిరగేసి, లోపలి వైపు వేళ్లతో తడమడం మొదలుపెట్టింది. రెండు రంగులతో అల్లేటప్పుడు ఒక రంగు పైకి కనపడితే రెండోది వెనక నుంచి పోతుంది కదా, ఆ వెనక దారాలను ఒక్కొక్కటే వీణ తీగల్లా మీటి చూసింది. మొదటి రెండు వరుసల నక్షత్రాలు దాటి మూడోదాని దగ్గర వేలు ఆపింది.

"ఈడ దాకా బాగానే అల్లినావు. ఈడ నుంచి చెయ్యి బిగించినావు. ఏమైందిమా ఆ రోజు?"

ఆ రోజేమైందో నాకు బాగా తెలుసు. మూడో వరుస మొదలుపెట్టిన రోజే, సరళకు మద్రాసులో ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, కొండలే కావాలని తనే రాసిచ్చిందని దాని స్నేహితురాలి నోటి వెంట విన్నాను. ఒళ్లు మండిపోయింది. దాన్ని ఒక్క మాట అడగలేదు. మొహం మాడ్చుకుని, సూదులు పట్టుకుని కూర్చుని, మిగతా స్వెట్టరంతా అల్లేశాను. ఇదంతా ముక్కూ మొహం తెలియని ముసలామెకు ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పేసి ఏడ్చాను కూడా.

సుబ్బమ్మ ఓదార్చలేదు. వెనక దారం బిగిస్తే ముందు అల్లిక సాగదని చెప్పి, మూడో వరుస దాకా విప్పేయమంది. రంగు మార్చినప్పుడల్లా సూది మీది కుట్లను వేళ్లతో ఎడంగా సర్ది, ఆ తర్వాతే రెండో దారాన్ని వెనక నుంచి తేవాలని నా చేత పది సార్లు చేయించింది. పదిసార్లూ తప్పు పట్టింది. పిల్లల్ని నేను ఎలా సాధిస్తానో అప్పుడు తెలిసింది. పందిరి కింద వల బాగుచేసుకుంటున్న ఆమె మొగుడు పోలయ్య ఇదంతా వింటూనే ఉన్నాడు.

"తాడుకు వల కట్టేటప్పుడు మేమూ అంతేమా" అన్నాడు. "తాడు కన్నా వల ఎక్కువ ఇస్తాం. లాగి కట్టినామంటే వల కన్ను తెరుచుకోదు. చేప పడదు."

మధ్యాహ్నం వాళ్లింట్లోనే చేపల పులుసుతో అన్నం తిన్నాను. డబ్బులిస్తానంటే సుబ్బమ్మ చీవాట్లు పెట్టింది. మళ్లీ పడవ, బండి, అయిదున్నర రైలు. కిటికీ పక్కన కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. మూడు నెలల పనిలో సగం ఒళ్లో కుప్పగా పడుతుంటే ఏడుపు రావాల్సింది. రాలేదు సరికదా, హాయిగా ఉంది.

విప్పిన ఊలు వంకర్లు తిరిగిపోయి ఉంటుంది. దాన్ని వదులుగా పెద్ద చుట్టలా, అంటే చిలపగా చుట్టి, తడిపి ఆరేసి, మళ్లీ ఉండ చుట్టుకోవాలి. మరునాడు బడి నుంచి వచ్చి ఆరిన చిలపను కుర్చీ వీపుకు తగిలించుకుని కుస్తీ పడుతుంటే సరళ వచ్చి ఎదురుగా కూర్చుంది. రెండు చేతులూ చాపింది. చిలప దాని చేతులకు వేసి ఉండ చుట్టసాగాను. చేతులు రెండూ ఊలులో ఉన్నాయి కాబట్టి అది లేచి పోవడానికి లేదు, నేనూ వదిలి పోవడానికి లేదు. మద్రాసు ఎందుకు వద్దన్నావే అని అడిగేశాను.

"మద్రాసయితే ప్రతి ఆదివారం నువ్వొచ్చేస్తావక్కా" అంది. "నువ్వు లేకుండా నేను బతకగలనో లేదో నాకెప్పుడు తెలుస్తుంది?"

ఉండ చుడుతూనే ఉన్నాను. దాని చేతులు నొప్పి పుట్టి కిందికి జారుతున్నాయి. "చేతులు దించకు, చిక్కుపడుతుంది" అన్నాను. అది నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

బడికి సెలవు పెట్టి రాత్రీ పగలూ అల్లితే శనివారం సాయంత్రానికి స్వెట్టరు పూర్తయింది. సులువుగా తల దూరింది, చంకల కింద చెయ్యి పట్టేంత చోటు కూడా మిగిలింది. నక్షత్రాలు పత్రికలోని దొరసాని స్వెట్టరులో ఉన్నంత తీరుగా లేవు, రెండు మూడు చోట్ల కాస్త వదులు కూడా. పోనీలే అనుకున్నాను. ఇన్నేళ్లూ దాన్ని బిగించి పట్టుకోవడమే పెంపకమని నమ్మినదాన్ని, ఎవరైనా చెబితే వినేదాన్ని కాను, నా చేతి పనే ఇరుకై నాకు చూపిస్తే తప్ప. ఇక జువ్వలదిన్నె వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. అల్లినది చూపించుకోవడానికి వెళ్లేటట్టయితే, అది తొడుక్కోబోయే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. బండికి ఒకరైనా ఇద్దరైనా అదే రెండున్నర.