నొప్పిని పేరుపెట్టి పిలిచిన మా అత్త

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను గురజాల దగ్గర మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లల చేత పాఠం చదివిస్తున్నాను. బడి వేళల్లో నాన్న ఎప్పుడూ ఫోన్ చెయ్యడు. అందుకే వరండాలోకొచ్చి ఎత్తాను. "అక్క పోయిందమ్మా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. గుండెపోటంటున్నారు" అన్నాడు. నాకు మొదట వచ్చిన ఆలోచన ఒక్కటే: ఆమెకి నొప్పి తెలిసిందా, తెలియకుండానే అయిపోయిందా అని. నొప్పి గురించి అంత తెలిసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆమె బస్సు కండక్టరు. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల దాకా ఎన్నో ఏళ్ళు తిరిగింది. ఆ దారిలో ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ కండక్టరమ్మే. చీర మీద ఖాకీ కోటు వేసుకున్న ఆడమనిషి బస్సులో ఈల వేస్తే జనం వెనక్కి తిరిగి చూసే రోజుల్లో ఆ ఉద్యోగంలో చేరింది. చూసేవాళ్ళని చూడనిచ్చింది. "చూసినా టికెట్టు కొనాల్సిందే గదా" అనేది.

చేరిన మొదటి పదేళ్ళు ఆమె డ్యూటీలో నీళ్ళు తాగలేదు. పొద్దున బయల్దేరేముందు ఒక గ్లాసు, మళ్ళీ ఇంటికొచ్చాకే. రెంటచింతల ఎండ గురించి వేసవి వచ్చిందంటే పేపర్లలో చదువుతూనే ఉంటారు. ఆ ఎండలో, రేకు వేడెక్కిన బస్సులో, గొంతు ఎండిపోయేలా ఊళ్ళ పేర్లు అరుస్తూ, పక్కన సీసా ఉన్నా ముట్టుకునేది కాదు. తాగితే ఎక్కడికి పోవాలి? డ్రైవరు ఏ కంపచెట్టు పక్కనో ఆపుకుని దిగేవాడు. "మగోళ్ళకి పల్నాడంతా దొడ్డే. మాకే చోటు లేదు" అనేది మా అత్త.

అలా వచ్చినయి కిడ్నీలో రాళ్ళు. నా చిన్నప్పుడు ఒకరోజు ఆమె మా ఇంటి వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తా ఉంది. ఎడం చెయ్యి నడుము మీద, ముఖమంతా చెమట. కూర్చోలేదు, పడుకోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. జపం చేసుకుంటుందేమో అనుకుని దగ్గరికెళ్ళి విన్నాను. తన బస్సు ఆగే ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటోంది. మాచర్ల వచ్చేలోగా నొప్పి తగ్గకపోతే మాచర్ల నుంచి వెనక్కి చెప్పేది. ఎందుకత్తా అనడిగితే తర్వాత చెప్పింది: "నొప్పి కూడా ప్యాసింజరేనే. ఎక్కింది ఎక్కడో ఒకచోట దిగిద్ది. అంతసేపూ మనం బండి నడపాల."

ఒక రాయి పడిపోయినప్పుడు దాన్ని చిన్న సీసాలో వేసి ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించింది. కందిగింజంత కూడా లేదు. "ఇద్దరు పిల్లల్ని కన్నా. ఆ ఇద్దరూ కలిసి పెట్టినంత బాధ ఇదొక్కటే పెట్టింది" అని నవ్వింది. డాక్టరు బాగా నీళ్ళు తాగమన్నాడు. "తాగుతా సార్. పోయేదెక్కడ?" అని అడిగిందంట. ఆయన దగ్గర దానికి మందు లేదు.

మందు ఆమే చూసుకుంది. మర్నాటి నుంచి సీటు పక్కన రెండు పెద్ద సీసాలు పెట్టుకుంది. దారిలో ఒక బస్టాండులో, ఊరి పేరు రాయను, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ఏళ్ళ తరబడి తాళం ఉండేది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆమె అక్కడ దిగి, కాస్త దూరంలో తెలిసినవాళ్ళ ఇంటికి వెళ్ళి రావడం మొదలుపెట్టింది. ఒక్కతే వెళ్ళలేదు. "అమ్మా, దిగాల్సినవాళ్ళు దిగండి, నాతో రండి. నేనొచ్చేదాకా బస్సు కదలదు" అని అందరికీ వినపడేలా చెప్పేది. మొదట్లో ఎవరూ లేవలేదు. తర్వాత ఒక ముసలామె లేచింది. ఆ తర్వాత సగం బస్సు ఆడవాళ్ళు లేచేవాళ్ళు.

బస్సు ఆలస్యమవుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. నా చేతిరాత బాగుంటుందని సాయంత్రం నన్ను కూర్చోబెట్టింది. నేనప్పుడు ఇంటరు.

"నేను చెప్తా, నువ్వు రాయి. అయ్యా, నీళ్ళు తాగకపోతే కిడ్నీలో రాళ్ళు వస్తున్నాయి. తాగితే మూత్రం వస్తుంది."

"మూత్రం అని రాయాలా అత్తా? కాలకృత్యాలు అని రాస్తా."

"ఎందుకు? ఆయనకి రాదా?"

రాశాను. తర్వాతి వాక్యం కూడా ఆమెదే: "ఈ రెండిట్లో నేను ఏది మానుకోవాలో తమరే చెప్పవలసింది." కింద సంతకం పెట్టి, తన స్కానింగ్ కాగితం జత చేసింది. మా నాన్న భయపడ్డాడు. "అక్కా, ఉద్యోగం పోద్దే" అన్నాడు. "పోతే పోయిద్ది, కిడ్నీ పోతే యాడ తెస్తావురా?" అంది. రెండు వారాలు ఏ కబురూ లేదు. ఆ తర్వాత ఒకరోజు బస్సు ఆ బస్టాండులో ఆగేసరికి ఆ తలుపుకి తాళం లేదు. లోపల కడిగి ఉంది. ఎవరు తీయించారో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఇంటికొచ్చి మాత్రం నాకు ఆ రోజు మిఠాయి పొట్లం ఇచ్చింది, నా చేతిరాతకంట.

ఇంక నా సంగతి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో నాకు పొత్తికడుపులో నొప్పి ముదిరింది. మొదట నెలనెలా వచ్చేది, తర్వాత మధ్యలో కూడా. అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చేది. "ఆడపిల్లవి, ఓర్చుకోవాల" అనేది. అమ్మ కూడా అలాగే ఓర్చుకుంది కాబట్టి ఆమెకి వేరే మాట తెలియదు. మా వీధి ఆర్ఎంపీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, "మీ మేనత్తకున్నట్టే రాళ్ళు, ఇంకేం కాదు" అని సూది వేశాడు. రెండు నెలలు బార్లీ నీళ్ళు తాగాను. నొప్పి తగ్గలేదు. నేను ఓర్చుకోలేని పిల్లనని నాకే అనిపించడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి అత్త బస్సులోనే వస్తున్నాను. ఉన్నట్టుండి కుడిపక్క లోపలెవరో గుడ్డ పిండినట్టు మెలిపెట్టింది. కిటికీ ఊచ పట్టుకుని ముడుచుకుపోయాను. అత్త టికెట్లు ఆపి వచ్చి నా ముందు వంగింది.

"యాడ మొదలైంది?"

"కింద. కుడిపక్క."

"నడుం కాడి నుంచి ముందుకి జారతందా?"

"లేదు. అక్కడే ఉంది."

"లేచి రెండడుగులు వెయ్యి."

"కదల్లేను అత్తా."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "రాయి నొప్పి మనిషిని కూర్చోనియ్యదు. ఇది నిన్ను లేవనియ్యట్లా. ఇది రాయి కాదు" అంది. లేచి డ్రైవరుతో, "నరసరావుపేటలో ఆసుపత్రి ముందు ఆపు" అని చెప్పి, బస్సు వైపు తిరిగింది. "మా పిల్లకి కడుపులో బాగాలేదు. దారిలోనే ఆసుపత్రి. అక్కడ ఆపుతున్నా." ఎవరూ కాదనలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నా రెండు రెక్కలు పట్టుకుని దించి లోపలికి తీసుకెళ్ళారు. అత్త బస్సుని బస్టాండుకి చేర్చి, ఖాకీ కోటుతోనే పరిగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికి నాకు రెండుసార్లు వాంతి అయింది. అక్కడున్నవాళ్ళు గ్యాసన్నారు, రాళ్ళేమో అన్నారు. "రాళ్ళు నాకు తెలుసు. స్కానింగ్ తియ్యండి" అని ఆమె ఆ గది ముందే నిలబడింది.

స్కానింగులో కుడి అండాశయం మీద బత్తాయంత సిస్టు కనపడింది. అది బరువుకి మెలిపడింది. డాక్టరమ్మ అప్పటికప్పుడే ఆపరేషను అంది. ఆలస్యమైతే అండాశయమే తీసెయ్యాల్సి వచ్చేదంట. ఎడమ వైపు కూడా చిన్నవి ఉన్నాయంది.

అమ్మా నాన్నా వచ్చారు. ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళేముందు అమ్మ అత్తని పక్కకి లాగి గుసగుసగా మాట్లాడింది. నాకు వినపడుతూనే ఉంది.

"వదినా, ఎవరన్నా అడిగితే కిడ్నీలో రాళ్ళని చెప్దాం. పెళ్ళి కావాల్సిన పిల్ల. అక్కడ ఆపరేషనంటే లేనిపోనివి అంటారు."

"ఆ రాళ్ళు నేను పదేళ్ళు నీళ్ళు మాని సంపాదించుకున్నయి. నీ కూతురికి ఇయ్యను" అంది అత్త. అమ్మ ఏడవబోయింది. అత్త గొంతు తగ్గించకుండానే ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "రెండు నెలలు దానికి వేరే పేరు పెట్టబట్టే గదా పిల్ల ఇంతదాకా వచ్చింది. ఇంక చాలు. దాని పేరు దానికి పెట్టండి."

అండాశయం నిలబడింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలతో అత్త ఒకే మాట చెప్పింది: "అండాశయంలో సిస్టు. తీసేశారు. బాగుంది." నిజం చెప్పాలంటే, నాకు ఆమె మీద కోపం వచ్చింది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాను. మూడోరోజు మా వీధి చివర మెకానిక్కు గారి కోడలు వచ్చి, అందరూ వెళ్ళేదాకా కూర్చుంది. "నాకూ అలాగే ఉంటదమ్మా, ఆరు నెలల నుంచి. ఇంట్లో ఎట్టా చెప్పాలో తెలియలా. మీ అత్తగారు చెప్పింది విని వచ్చా" అంది. అత్త ఎందుకు గొంతు తగ్గించలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ కోడల్ని మరుసటి వారం ఆమే స్కానింగుకి తీసుకెళ్ళింది.

నా సిస్టులు అంతటితో పోలేదు. మందులతో తగ్గడం, మళ్ళీ కనపడటం, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఏ రోజు, ఎటువైపు, ఎంతసేపు అని కాలెండరు మీద రాసుకోమని నేర్పింది అత్తే. "బాగాలేదు అంటే డాక్టరుకి ఏం తెలిసిద్ది? యాడ ఎక్కింది, యాడ దిగింది చెప్పాల" అనేది. వేడినీళ్ళ సంచి కొనిచ్చింది. నొప్పి ఉన్న రోజు సెలవు పెట్టడానికి సిగ్గుపడితే తిట్టేది. నా పెళ్ళిచూపుల్లో అమ్మ గుండె గుప్పిట్లో పెట్టుకుని చూస్తుండగా, అబ్బాయికి ఆపరేషను సంగతి చెప్పేసింది. అతను, "మా అక్కకీ ఉన్నాయండీ" అన్నాడు. ఆయనే ఇప్పుడు మా ఆయన.

ఆమెలో అన్నీ మంచే అనను. నోరు దురుసు. ఒకసారి మాట పడితే ఏళ్ళ తరబడి మరిచిపోయేది కాదు. రాళ్ళున్నవాళ్ళు గోంగూర తగ్గించాలని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "అది కూడా మానేస్తే ఇంక కిడ్నీ ఉండి ఏం లాభం" అని కలుపుకుని తినేది. రిటైరయ్యాక మా బడికి ఒకసారి పిలిచాను. ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, ముందు బడి మరుగుదొడ్డి చూసొచ్చి, ఆ తర్వాతే మాట్లాడింది. మాట్లాడింది కూడా కాసేపే. "నీళ్ళు తాగండి. నొప్పి వస్తే చెప్పండి. ఒకరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పండి." మా హెడ్మాస్టరు ముందు నేను ఆ రోజు తలెత్తుకుని నిలబడ్డాను. ఈమె మా అత్త అని ప్రతి టీచరుకీ విడివిడిగా చెప్పాను.

పెద్దకర్మ రోజు అత్త పిల్లలూ మేమూ కలిసి మా వాకిట్లో షామియానా వేశాం. చుట్టాల కంటే తెలియనివాళ్ళే ఎక్కువ వచ్చారు. మాచర్ల వైపు నుంచి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర నుంచి, రొంపిచెర్ల నుంచి, బస్సులు మారి వచ్చిన ఆడవాళ్ళు. మధ్యాహ్నం భోజనాల వరసలో అమ్మ పప్పుచారు వడ్డిస్తోంది. రెంటచింతల నుంచి వచ్చిన ఒకామె, పక్కన తలవంచుకుని కూర్చున్న తన కూతుర్ని చూపించి, అమ్మ చెవిలో ఏదో గుసగుసలాడింది. అమ్మ నిటారుగా నిలబడింది. "సిస్టులేమో చూపించమ్మా. అండాశయంలో వస్తయి. మా అమ్మాయికీ వచ్చినయి, ఆపరేషనైంది" అంది. ఎదురు వరసలో మగవాళ్ళు విస్తళ్ళ మీంచి తలలెత్తారు. అమ్మ గొంతు తగ్గించలేదు. "ఇదిగో, ఇట్టా కుడిపక్కా, ఎడంపక్కా?" అని ఆ పిల్లనే అడుగుతూ ఆమె ముందు వంగింది. పైకెత్తిన గరిటెలోంచి పప్పుచారు నేల మీద బొట్టుబొట్టుగా పడుతూనే ఉంది. ఆ పిల్ల తలెత్తి, అమ్మ ముఖంలోకి చూసి, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.