మొన పైకున్న పట్టీలు

తొంభై రోజుల డ్యూటీలో పోయినవి: టోపీలు నాలుగు, విజిల్ ఒకటి, ఇత్తడి గుండీలు పందొమ్మిది, ఏనుగు తొక్కిన నీళ్ల సీసా ఒకటి. మనుషులెవరూ పోలేదు. స్టోర్సు హవల్దారుగా ఆ లెక్క నేనే రాశాను.

తొంభైల్లో ఒక జనవరి. ఉదయం ఆరూ ఇరవైకి రామకుప్పంలో దిగాను. మంచులో లారీ ముందు నడిచే మనిషి నడుము దాకానే కనబడ్డాడు. ఏనుగులు అడవి దాటినప్పుడు దారులు మూయడానికి ఊళ్లవాళ్లతో స్వచ్ఛంద కంపెనీ తయారుచేయడం మా పని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం: మూడు సెక్షన్లు, ఒక్కోదానిలో పన్నెండు మంది.

మా కెప్టెన్ దగ్గర అట్ట ఊడిన పుస్తకం ఉండేది. నిండా పాతకాలపు అమెరికా వలంటీరు కంపెనీల రంగు బొమ్మలు. ఏ ఊరి కంపెనీకి ఆ ఊరి కోటు, ఆ ఊరి గుండీలు. నాయకుణ్ణి వాళ్లే ఎన్నుకునేవారట. మనమూ అలాగే చేద్దామన్నాడు కెప్టెన్. భుజం బిళ్లకు మదనపల్లె వాళ్లు టమాటా కోరారు, పుంగనూరు వాళ్లు పొట్టి ఆవు, కుప్పం వాళ్లు ఏనుగు.

"సేన్లు తొక్కేదాన్నే బుజాన పెట్టుకుంటామా అప్పా?" అన్నాడొకడు.

"బుజాన ఉంటే సేన్లోకి రాదులేప్పా," అన్నాడు మునెప్ప. కూలిపని చేసే ఇంటివాడు. కుప్పం సెక్షన్‌లో అతనికి పదకొండు చేతులు లేచాయి. లేవనిది అతని చెయ్యే.

నాయకుల హోదాకు గుర్తుగా చేతికి రెండేసి V ఆకారపు పట్టీలు. బొమ్మ మీద స్కేలు పెట్టి వాటి కొలతలిచ్చాను.

"మొన పైకేనా సార్?" అని అడిగాడు టైలర్.

"బొమ్మలో ఎట్లుంటే అట్లే."

మన సైన్యంలో మొన కిందికి ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా నా చేతి మీదున్న పట్టీనే నేను చూసుకోలేదు. కెప్టెన్ మాత్రం అచ్చం బొమ్మలాగే ఉందని మురిసిపోయాడు.

ఒక మధ్యాహ్నం మునెప్ప వైర్లెస్‌లో పలికాడు.

"ఆడ ఎన్నుండాయి?" అని అడిగాను.

"ఏడు సార్. పిల్లది మామిడి తోపులో నిలబడుకొనే నిద్రపోతాండాది."

"లేసేదాకా రోడ్డు మూసిపెట్టు."

"బస్సులోళ్లు తిడతాండారు. నన్ను కాదులే సార్, మిమ్మల్నే."

రెండు గంటలు ఆ దారిలో ఆకు కూడా కదల్లేదు.

ఎనభై ఎనిమిదో రోజు, పదింటికి, ఊరి బడి మైదానంలో తనిఖీ. జనం చుట్టూ కూర్చున్నారు. పెద్దాఫీసరు ముగ్గురు నాయకుల పట్టీలు చూసి ఆగాడు. "తలకిందులుగా కుట్టించిందెవరు?"

"నేనే సార్."

అక్కడికక్కడే కోసెయ్యమన్నాడు. ముగ్గురివీ బ్లేడుతో నేనే కోశాను. సరైన పట్టీలు స్టోర్సులో ఇద్దరికే ఉన్నాయి. జాబితా వరుసలో మదనపల్లెకు, పుంగనూరుకు ఇచ్చాను.

"నాకు లేవా సార్?"

"వస్తాయి మునెప్పా. రాసి తెప్పిస్తా."

"మా నాయన సూసేకి వచ్చుండాడు సార్." గొంతు తగ్గించాడు. "రేపొస్తాయని చెప్తాలే."

రెండు రోజులకు మా డ్యూటీ ముగిసింది. మునెప్ప పట్టీల కోసం మూడుసార్లు రాశాను. కంపెనీ రద్దయింది, ఇవ్వడానికి వీల్లేదని జవాబొచ్చింది. తర్వాత నేనూ రిటైరయ్యాను.

మేం రామకుప్పం వదిలిన రోజు, లారీ కదిలినప్పుడు మునెప్ప సెల్యూట్ చేశాడు. చొక్కా ఎండకు వెలిసిపోయింది. పట్టీలున్న చోట మాత్రం ఖాకీ కొత్తగా, ముదురుగా, దూరపు కొండల్లా మొనలు పైకెత్తుకొని ఉంది.

రెండు చేతులకూ కలిపి నాలుగు పట్టీలు. ఇప్పటికీ బాకీ.