అత్తమ్మ చూసిన కాపలావాడు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లతో నన్ను ఒకే గాటన కట్టకండి. నేను ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు నేర్చుకున్నదాన్ని. ఏ పెట్టెలోంచి వింత చప్పుడు వచ్చినా ముందు వైరు ఎక్కడ ఊడిందో చూస్తాను. ఇప్పటికీ అంతే.

ఎనభైల చివర్లో బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద ఉండేవాళ్లం. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ముందు గదిలో ఒక వీడియో గేమ్ మిషను పెట్టుకున్నాం. పగలంతా దాన్ని చూసుకునేది నేనే.

అది గూఢచారి ఆట. కోటు వేసుకున్న మనిషి ఒక పెద్ద బంగళాలో దూరి, కాపలావాళ్ల కంట పడకుండా గదిగదీ తిరిగి కాగితాలు ఎత్తుకురావాలి. మూసిన తలుపు వెనుక ఎవరున్నారో తెర మీద కనబడదు. చేతిలో తుపాకీ ఉండదు. దాక్కోవాలి, లేదంటే దొరికిపోవాలి.

మా దగ్గర ఎక్కువగా ఆడింది చెరుకు రైతులే. ఫ్యాక్టరీ ముందు బండ్లు బారులు తీరితే తూకం వంతు వచ్చేదాకా వాళ్లకు పొద్దుపోయేది కాదు. నెత్తి రుమాలు తీసి మిషను మీద పెట్టి, మీసాలు దువ్వుకుంటూ ఆడి, మొదటి గదిలోనే దొరికిపోయేవాళ్లు.

మా అత్తమ్మకు రెండు కళ్లూ కనిపించవు. మిషను పక్కనే కుర్చీలో కూర్చునేది. ఒకరోజు ఉన్నట్టుండి, ఆడుతున్న రైతుతో, "ఆగు బిడ్డా, రెండో తలుపు ఎనుక ఉన్నడు" అంది. నిజంగానే ఆ తలుపులోంచి కాపలావాడు బయటికొచ్చాడు. కాసేపాగి, "గిప్పుడు పో" అంది. ఆ రోజు నుంచి అందరికీ ఆమే దిక్కయింది. "అవ్వా, యాడున్నడు?" అని అడగనిదే ఎవరూ ముందుకు పోయేవారు కాదు.

నాకేం వింతగా అనిపించలేదు. కాపలావాడు నడిస్తే మిషను టక్‌టక్‌మంటుంది. చూపు లేనివాళ్లకు చెవులు పదును. అంతే అనుకున్నాను.

నాకప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇదీ పోతుందేమోనని పగలూ రాత్రీ భయపడేదాన్ని. బరువులెత్తొద్దని, ఎక్కువసేపు నిలబడొద్దని నిజామాబాద్ డాక్టరమ్మ చెప్పింది.

ఆ రోజుల్లోనే స్పీకరు పోయింది. కొత్తది వచ్చేదాకా ఆట మూగగానే నడిచింది. అత్తమ్మ మాత్రం చెప్పడం ఆపలేదు. ఇదేదో తేల్చుకుందామని, ఎవరూ లేని ఒక మధ్యాహ్నం స్టూలు లాక్కుని నేనే ఆడాను. విప్పిన స్పీకరు బల్ల మీద ఉంది. వరసగా ఐదుసార్లు, ఆమె ఏ తలుపంటే ఆ తలుపు వెనుకే కాపలావాడు ఉన్నాడు.

ఆరోసారి కూడా, "ఆగు. తలుపు ఎనుక ఉన్నడు" అంది.

ఆగి చూశాను. ఏ తలుపులోంచీ ఎవరూ రాలేదు. "లేడు అత్తమ్మా, అంత ఖాళీగున్నది" అన్నాను.

"గా ఆటల కాదు బిడ్డా. మన వాకిట్ల."

వీధి తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి ఎండా, రోడ్డూ కనిపిస్తున్నాయి. మనిషి జాడ లేదు. అత్తమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు కదలకు. వాడు నిన్ను ఇంకా సూడలే."

కర్ర తీసుకోలేదు, గోడ తడమలేదు. నేరుగా నడిచిపోయి తలుపు తీసింది. గడప మీద నిలబడి, ఎవరి ముఖంలోకో చూస్తున్నట్టు తల పైకెత్తింది. అక్కడే కూలిపోయింది.

గుండె ఆగిందన్నారు. డెబ్బై దాటిన మనిషి, అందులో ఆశ్చర్యం లేదు.

ఎవరూ ఆడకపోతే ఆ మిషను తనంతట తానే కొద్దిసేపు ఆడి చూపించి, మళ్లీ మొదటికొస్తుంది. అది అలా మొదటికి రావడం నేను మూడుసార్లు చూశాను. దారిన పోయే బండివాడు అరిస్తే అప్పుడు లేచాను.

"నువ్వు గక్కడ్నే ఉన్నవు గదా, ఎందుకు లేవలే?" అని సాయంత్రం మా ఆయన అడిగాడు. కడుపుతో ఉన్నదాన్ని, భయపడి ఉంటానని జవాబు కూడా ఆయనే చెప్పుకున్నాడు. నేను తలూపాను.

పాప నెలలు నిండి, ఏ ఇబ్బందీ లేకుండా పుట్టింది.

అత్తమ్మకు ఎలా తెలిసేదో నాకు అంతుపట్టలేదు. మిషను లోపలి సన్నటి రొద ఆమెకొక్కదానికే వినిపించేదేమో. ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. చెప్పుకోలేనిది నా సంగతే. వాకిట్లో ఎవరూ లేరని నా కళ్లతో నేనే చూశాను. పదడుగుల దూరంలో ఆమె పడి ఉంది. వెంటనే లేచి ఉంటే బతికేదేమో. నేను మాత్రం పొట్ట మీద రెండు చేతులూ కప్పుకుని, ఊపిరి చప్పుడు కూడా కాకుండా కూర్చున్నాను. ఎవరికి కనబడకూడదనో ఈ రోజుకీ చెప్పలేను.