బీరపాదు, వేపమొక్క

ఈ పొద్దున మా సూరత్‌లోని ఆల్థాన్‌లో ఒక బాల్కనీ ఊచలకు పాకిన బీరతీగను చూసి ఆగిపోయాను. ఇక్కడ పెరిగిన తెలుగు దోస్తులారా, మన నాన్నలు పనిచేసే మగ్గాల దగ్గర మిగిలిన రంగురంగుల దారాలతో మన అమ్మలు పాదులు కట్టేవారు, గుర్తుందా? సలాబత్‌పురాలో మా అద్దెగది ముందు పగిలిన బకెట్లో ఏటా బీరపాదే. ఎర్ర దారం ముడుల మధ్య పసుప్పచ్చ పూలు.

ఒకసారి బడిలో ఇచ్చిన వేపమొక్కను ఇంటికి తెచ్చాను. అమ్మ ముట్టుకోలేదు.

"బీర రెండు నెలలకే కాస్తది బిడ్డా. యాప నీడియ్యాలంటే ఏండ్లు కావాలె. వచ్చే యేడు మనం ఊరికి పోతం గదా! గా పక్కింటోళ్లకియ్యి."

ఇచ్చేశాను. పక్కింటి గుజరాతీ ముసలమ్మ దాన్ని తన గుమ్మం ముందు నాటుకుంది.

ఆ 'వచ్చే యేడు' ప్రతి ఏడూ విన్నాను. ప్రతి ఏడూ మళ్లీ బీరగింజలే నానేవి. అమ్మ ఈ సూరత్‌లోనే పోయింది.

ఇవాళ పని మానుకుని సలాబత్‌పురాలో మా పాత గల్లీకి వెళ్లాను. మా గది లేదు. వేప మాత్రం గల్లీ అంతా కమ్ముకుంది. దాని కింద కూర్చున్నాను. ఆ ముసలమ్మ ఇంట్లోంచి ఒకావిడ వచ్చి, ఎవరి కోసం వచ్చావని హిందీలో అడిగింది.

"ఎవరి కోసమూ కాదక్కా," అన్నాను, "జరసేపు నీడకు కూర్చున్న."

తెలుగులో అన్నానని తర్వాత తెలిసింది.